సగంలో ఆగిన నాలుగో లెక్క

మాస్టారి ఫోన్ మోగే వేళకి పక్క సీట్లో ఒక బ్యాంకు ఉద్యోగిని ఊపిరి బిగబట్టి కారుని వెనక్కి నడుపుతోంది. పాఠం జరుగుతుండగా ఫోన్ ముట్టుకోరని మాస్టారికి పేరు. ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నారు. పురిటి నొప్పులు మొదలయ్యాయని భార్య ఫోన్ చేసినప్పుడు కూడా మలుపు తిరిగాకే ఎత్తారని ఇంట్లో ఇప్పటికీ దెప్పిపొడుస్తుంటారు. అలాంటి మనిషి ఆ రోజు మొదటి రింగుకే ఎత్తారు.

"వాడి రిజల్టు చూశానండీ," అంది భార్య.

"ఎంత?"

"మిగతావన్నీ గట్టెక్కాడు. లెక్కల్లోనే... ముప్పై నాలుగు."

పాసుకి నలభై కావాలి.

డ్రైవింగ్ నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒకటి, మాస్టారి కాలి కింద ఒకటి. ఏ ఆపదా లేకుండానే మాస్టారి కాలు తన బ్రేకుని తొక్కేసింది. కారు ఒక్క కుదుపుతో ఆగింది. బ్యాంకు ఆవిడ బిత్తరపోయింది.

"నేనేం చేశానండీ?"

"మీరేం చెయ్యలేదమ్మా. చక్కగా తిప్పారు. వెనక టైరులో గాలి తగ్గినట్టుంది, చూసొస్తాను," అని మాస్టారు దిగి, కారు వెనక్కి వెళ్ళి టైరు పక్కన కూలబడ్డారు. టైరు నిక్షేపంలా ఉంది.

లెక్కల్లో పోవడమేమిటి? భాషలో పోయాడంటే ఒక అర్థముంది. కథ చదివి అందులోని మనిషి ఎందుకు ఏడ్చాడో రాయమంటే వాడు తెల్లమొహం వేస్తాడు. లెక్కలు అలా కాదు. లెక్కలు వాడికి ఇల్లు.

వాడంటే మాస్టారి ఒక్కగానొక్క కొడుకు. పదిహేడేళ్ళు. నాలుగో ఏట డాక్టరు ఆటిజం అని చెప్పినప్పుడు ఆ మాట పలకడం నేర్చుకోవడానికే మాస్టారికి వారం పట్టింది. ఇంట్లో వాడి పేరు జడ్జిగారు. ఆ పేరు పెట్టింది తల్లి. "పది నిమిషాల్లో వస్తానన్నావు, పదమూడయ్యాయి" అని గుమ్మంలోనే తీర్పు చెప్పేవాడిని ఇంకేమని పిలుస్తారు? జడ్జిగారికి అబద్ధం పడదు, కుక్కర్ కూత పడదు, ఒంటి మీద చెయ్యి వేస్తే అసలు పడదు. పెన్సిలూ స్కేలూ ఇస్తే మాత్రం పూటంతా కదలడు.

ఆ పెన్సిలే ఒక దారి చూపించింది. వంతెన అవతల యంత్ర భాగాల బొమ్మలు కొలతలతో గీయడం నేర్పే చిన్న శిక్షణ సంస్థ ఒకటుంది. ఏడాదికి ఎనిమిది మందిని తీసుకుంటారు. ఎవరి బల్ల వాళ్ళది, ఎవరి దీపం వాళ్ళది, గట్టిగా మాట్లాడేవాళ్ళే ఉండరు. అక్కడి సూపరింటెండెంటు వాడు గీసిన గేర్ల బొమ్మని భూతద్దం పెట్టి చూసి, "లెక్కల్లో పాసై రమ్మనండి. నెలాఖరు దాకా ఒక కుర్చీ ఆపుతాను. వచ్చే ఏడు నేను రిటైరైపోతాను, తర్వాత వచ్చేవాళ్ళ సంగతి చెప్పలేను," అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మాస్టారు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నారు. మనం పోయాక వీడి గతేమిటన్న ప్రశ్న పదమూడేళ్ళుగా భార్యాభర్తలిద్దరినీ పీక్కు తింటోంది. ఆ కుర్చీ ఒక్కటే దానికి జవాబులా కనిపించింది.

ఇప్పుడు ఆరు మార్కుల దగ్గర ఆ కుర్చీ పోయింది.

ఇంటికి వెళ్ళేసరికి జడ్జిగారు బల్ల దగ్గర బ్రెడ్డు అంచులు తీసి పక్కన పేర్చుకుంటున్నాడు. తలెత్తకుండానే, "నాన్నా, లెక్కల్లో ముప్పై నాలుగు. ఆరు తక్కువ," అన్నాడు, గోడ గడియారం చూసి టైము చెప్పినట్టు.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. నిజానికి ఏడవాల్సిన మనిషి. ఏడవడం చేతకాని మగవాళ్ళు చేసే పనే ఆయనా చేశారు.

"ఇంత జరిగితే నీకేమీ అనిపించడం లేదురా?"

వాడు బ్రెడ్డు కింద పెట్టి ఆలోచించాడు. "అనిపిస్తోంది. అదేమిటో తెలియడం లేదు."

అది ఎంత పెద్ద జవాబో వినే స్థితిలో మాస్టారు లేరు. "రెండేళ్ళురా! సాయంత్రం పాఠాలన్నీ మానుకుని నీ పక్కన కూర్చున్నాను. స్టీరింగు ఎటు తిప్పాలో తెలియనివాళ్ళని కూడా గట్టెక్కించాను. నిన్ను తప్ప ఊరందరినీ గట్టెక్కించాను!"

వాడు చెవులు మూసుకున్నాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గట్టిగా కాదు, రోజూ వేసుకున్నట్టే నెమ్మదిగా. ఆ నెమ్మది చూసి మాస్టారికి ఇంకా మండింది.

భార్య ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోజంతా దుప్పట్లు మడిచే చేతులు ఇంట్లో కూడా ఊరుకోవు. ఆవిడ చేతిలోని తువ్వాలుని మూడు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"మీ బాధ వాడు తప్పినందుకా, నలుగురికీ తెలుస్తుందనా?"

"రెండూ," అన్నారు మాస్టారు. అబద్ధం చెప్పలేదు, ఆ మాత్రం మెచ్చుకోవాలి.

మర్నాడే అబద్ధం చెప్పారు. ఎదురుగా అద్దాల షాపాయన గుమ్మంలో నిలబడి, "ఏం మాస్టారూ, అబ్బాయి పాసేనా?" అని కేకేశాడు. నిలబెట్టి అడిగేవాళ్ళకి పరీక్షల కాలంలో కరువుండదు కదా. "ఆ, పాసే" అనేశారు మాస్టారు నడక ఆపకుండా. వెనకే కూరగాయల సంచీ పట్టుకుని వస్తున్న జడ్జిగారు మాత్రం ఆగాడు.

"కాదు. లెక్కల్లో ముప్పై నాలుగు వచ్చాయి. నలభై రావాలి. పాసవ్వలేదు. నాన్నకి తెలుసు."

షాపాయన దగ్గాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. గోడ నిండా అద్దాలు, ప్రతి అద్దంలోనూ తలదించుకున్న మాస్టారే. ఆ తర్వాత వారం రోజులు ఆయన వీధి చివరి నుంచి చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళారు. కొడుకుతో మాట్లాడటం తగ్గించారు. వాడికి సిగ్గు లేదని కోపం, వాడికి సిగ్గు తెలియదని జాలి. రెండూ ఒకేసారి వచ్చేవి. పాఠాల్లో ప్రతిదానికీ చిరాకుపడ్డారు. బ్యాంకు ఆవిడ రెండు రోజులు రానే లేదు.

అయినా ఆశ చావదు కదా. దిద్దడంలో పొరపాటు జరిగి ఉంటుందని, జవాబు పత్రం నకలు కోసం పరీక్షల ఆఫీసులో దరఖాస్తు పెట్టారు. తొమ్మిదో రోజున ఆఫీసు నుంచి ఫోన్ చేసి, కవరు వచ్చింది, తీసుకెళ్ళమన్నారు. ఆఫీసు బయట కారు ఆపుకుని, స్టీరింగు మీద కాగితాలు పరుచుకుని చూశారు.

మొదటి పేజీ. నాలుగు వైపులా స్కేలుతో గీసిన మార్జిన్లు, అచ్చు వేసినట్టున్న అంకెలు. మొదటి లెక్కకి పదికి పది. రెండోదానికి పది. మూడోదానికీ పది. మాస్టారి ఛాతీ కాస్త పొంగింది. పేజీ తిప్పారు. నాలుగో లెక్క మొదలైంది. సరిగ్గానే నడుస్తోంది. ఐదో వరసలో సమానం గుర్తు పెట్టి ఉంది. ఆ గుర్తు తర్వాత ఏమీ లేదు.

ఆ తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి. తెల్ల పేజీ మీద దిద్దినవాళ్ళు కొట్టిన ఎర్ర గీత, మళ్ళీ తెల్ల పేజీ, మళ్ళీ ఎర్ర గీత. నాలుగో లెక్క పక్కన నాలుగు మార్కులు వేసి ఉన్నాయి. మిగతా ఆరు మార్కులూ ఆ సమానం గుర్తు తర్వాత రాయాల్సిన మూడు వరసలవి. ఆ లెక్క పూర్తి చేసి ఊరుకున్నా సరిగ్గా నలభై.

కవరు పట్టుకుని మాస్టారు మళ్ళీ ఆఫీసు కిటికీ దగ్గరికి పరుగెత్తారు. "ఇది చూడండి, ఇంత చక్కగా చేసినవాడికి మిగతావి రాకపోతాయా? ఎక్కడో ఏదో జరిగింది."

గుమాస్తా మంచివాడే. కళ్ళజోడు సర్దుకుని ఓపిగ్గా చూశాడు. "రాసినదాంట్లో ఒక్క మార్కు కూడా కొయ్యలేదండీ. రాయనిదానికి ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

ఆ మాటకి తిరుగులేదు. దారి పొడుగునా మాస్టారికి కోపం ఉడికింది. వచ్చి కూడా రాయలేదన్నమాట. విసుగుపుట్టి మానేశాడన్నమాట. మూడు వరసలు రాయడానికి వీడికి ఏం రోగం?

ఇంట్లో జడ్జిగారు ఒక్కడే ఉన్నాడు. తల్లి డ్యూటీకి వెళ్ళింది. మాస్టారు నకలు వాడి ముందు పరిచి, సమానం గుర్తు మీద వేలు పెట్టారు.

"ఇక్కడెందుకు ఆపావు?"

వాడు చూశాడు. ఆ ప్రశ్నే వాడికి వింతగా ఉన్నట్టుంది. "సారు బల్ల మీద చప్పుడు చేశారు." వేళ్ళ కణుపులతో బల్ల మీద చేసి చూపించాడు. టక్, టక్. "హాల్ టికెట్ చూశారు. వెళ్ళిపోయారు."

"అయితే?"

"పెన్ను పెట్టేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన పద అనలేదు."

మాస్టారి వేలు ఆ గుర్తు మీద నుంచి కదల్లేదు.

సంగతేమిటంటే, డ్రైవింగ్ పరీక్షలో ఒక ఘట్టం ఉంటుంది. కారు పోతూ ఉండగా పక్కనున్న అధికారి డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు కొడతాడు. ఎదురుగా పిల్లవాడు అడ్డం వచ్చాడనుకుని అప్పటికప్పుడు ఆపెయ్యాలి. ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. మళ్ళీ చెప్పేదాకా కదపకూడదు. మాస్టారు ఇదే పాఠం రోజూ చెప్తారు. టక్ టక్ అంటే ఆగు. పద అంటే కదులు.

కొడుక్కి పరీక్షలు నేర్పే కొత్తలో పెద్ద చిక్కు రాయడం కాదు, ఆపడం. ఒక లెక్క పట్టుకుంటే తొమ్మిదిసార్లు సరిచూసేవాడు, మార్జిన్లు మళ్ళీ గీసేవాడు. మూడు గంటలూ దానికే చెల్లు. చాలురా అంటే చెవులు మూసుకునేవాడు, కాగితం లాక్కుంటే గోడకి తల బాదుకునేవాడు. ఒక ఆదివారం వాడిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాఠానికి వెళ్ళినప్పుడు వాడు ఈ టక్ టక్ చూశాడు. చూసి నవ్వాడు. ఆ రోజు సాయంత్రం లెక్క మధ్యలో మాస్టారు బల్ల మీద రెండుసార్లు కొట్టి చూశారు. పెన్ను కిందికి దిగింది, చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. పద అన్నారు. తర్వాతి లెక్క మొదలైంది. మాస్టారు గాల్లో తేలిపోయారు. నెల తిరిగేసరికి పత్రం మొత్తం టైముకి పూర్తయ్యేది. తోటి మాస్టర్లందరికీ ఈ ఘనకార్యం కథలు కథలుగా చెప్పారు.

ఇంతవరకూ తప్పు లేదు. తప్పు ఎక్కడుందో మాస్టారికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది, ఎందుకంటే అది ఆయన వృత్తిలో అందరికంటే ముందు నేర్చుకునే సంగతి. పరీక్షకి వారం ముందు నుంచి నేర్పేవాడు తన పెడల్స్ మీద కాలు పెట్టకూడదు. నోరు కూడా మెదపకూడదు. లేకపోతే నేర్చుకునేవాళ్ళు తమకి వచ్చేసిందనుకుంటారు, నడిపేది మాత్రం మాస్టారి కాలే. కొత్తగా చేరే ప్రతి ట్రైనరుకీ ఆయనే ఈ మాట చెవినిల్లు కట్టుకుని చెప్తారు. సొంత కొడుకు దగ్గర మాత్రం ఆఖరి సాయంత్రం దాకా బల్ల కొడుతూనే ఉన్నారు, పద అంటూనే ఉన్నారు. సజావుగా సాగుతోంది, ఇప్పుడు కెలకడం ఎందుకులే అనుకున్నారు.

మిగతా పరీక్షల్లో వాడి బల్ల మీద ఎవరూ చప్పుడు చెయ్యలేదు. వాడికి తోచినంత రాసుకుని బయటపడ్డాడు. లెక్కల రోజున ఎవరో ఒక సారు, ఏ పాపమూ ఎరగని సారు, హాల్ టికెట్ చూడటానికి వచ్చి రెండు వేళ్ళతో టక్ టక్ అనిపించాడు.

మాస్టారు లేచి వరండాలోకి వెళ్ళి సూపరింటెండెంటుకి ఫోన్ చేశారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన అంతా విన్నాడు.

"నాకు అర్థమైందండీ. నిజంగా. కానీ నేను పైకి పంపాల్సింది మార్కుల కాగితం. అందులో ఇదంతా ఉండదు కదా. మళ్ళీ పరీక్ష ఎప్పుడు?"

"మూడు నెలలకి."

"మరి నెలాఖరు ఈ శుక్రవారమే. ఆ కుర్చీకి ఇంకో అమ్మాయి ఉంది మాస్టారూ. ఇన్నాళ్ళూ ఆగమన్నాను. ఇంక పాపం ఆపలేను."

"ఆపకండి," అన్నారు మాస్టారు. "ఇచ్చెయ్యండి."

లోపలికి వచ్చేసరికి వాడు నకలు కాగితాలు అంచులు కలిపి దొంతర పెట్టాడు. నాలుగో లెక్క పేజీ మాత్రం ముందుంది. దానికేసే చూస్తున్నాడు. మాస్టారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"తప్పు నాదిరా."

"ఏది?"

"నువ్వు తప్పడం. నేను నేర్పింది నేర్పినట్టు చేశావు. నేనే సగం నేర్పి వదిలేశాను. నిన్ను ఆ రోజు తిట్టాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు."

వాడు రెండు తప్పుల్నీ విడివిడిగా ఆలోచించినట్టున్నాడు. "సరే," అన్నాడు. తర్వాత, "నీ కారు కనిపించింది," అన్నాడు.

"ఎప్పుడు?"

"పరీక్షలో. నా బల్ల కిటికీ పక్కన. గేటు బయట నీ కారు. లోపల నువ్వు. సారు అనలేదు కాబట్టి నువ్వు వచ్చి పద అంటావనుకున్నాను. నీకేసే చూశాను."

మాస్టారు మెల్లగా అడిగారు. "ఎంతసేపు చూశావు?"

"గంటా యాభై రెండు నిమిషాలు. ఆఖరి గంట కొట్టేదాకా."

ఆ రోజు మాస్టారికి బాగా గుర్తుంది. పాఠాలన్నీ మానుకుని గేటు దగ్గరే ఉన్నారు. సూపరింటెండెంటుకి ఫోన్ చేసి, ఇవాళ లెక్కల పరీక్షండీ, మావాడికి మంచినీళ్ళ ప్రాయం, ఆ కుర్చీ మాదే అనుకోండి అని నవ్వారు. తర్వాత సీటు వెనక్కి వాల్చుకున్నారు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి హాయిగా కన్ను మూతపడింది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు.

"ఒక్క కేకెయ్యకపోయావురా? లేచి నిలబడకపోయావా?"

"పరీక్షలో మాట్లాడకూడదు. లేవకూడదు."

అప్పుడు ఏడ్చారు మాస్టారు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చారు. వాడిని గుండెకి హత్తుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. అది వాడికి పడదు. వాడు ఏడుస్తున్న తండ్రిని ఎటో పక్కకి చూస్తూ గమనించాడు. కాగితాల దొంతర తడవకుండా కాస్త అవతలికి జరిపాడు.

"మళ్ళీ పరీక్షకి నువ్వు లోపలికి రా," అన్నాడు.

"రానివ్వరు నాన్నా."

"అయితే పద అని ఎవరంటారు?"

ఆ ప్రశ్న పరీక్ష గురించి మాత్రమే కాదని వాడికి తెలియదు. మాస్టారికి తెలుసు. పదమూడేళ్ళుగా తెలుసు.

"నీకు నువ్వే అనుకోవాలిరా. ఎవరూ అనకపోయినా."

వాడు చాలాసేపు ఆలోచించాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు ఆ తెల్ల కాగితం మీదే ఉంచి.

"నాకది రాదు," అన్నాడు. "నేర్పుతావా?"

వెయ్యిమందికి పైగా బండి చేతికిచ్చి పంపిన మనిషి. దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎన్నాళ్ళు పడుతుందో, అన్నాళ్ళు తనుంటాడో లేదో ఆయనకి తెలియదు. నేర్పుతానన్నారు.

వాడు నమ్మేశాడు. ఎన్ని గంటలకని అడిగాడు.